కొండమీది బుద్ధుడు, కొండ దిగు నీరు

ఫుకెట్ ద్వీపపు దక్షిణభాగమున ఏ రేవులో పడవ దిగినను, ఏ ఇసుకతీరమున మేను వాల్చినను, తలయెత్తినంతనే పచ్చని కొండకొమ్మున కూర్చున్న తెల్లని మూర్తి యొకటి కంటబడును. నాక్కెర్డ్ కొండలమీది ఈ మహాబుద్ధవిగ్రహమును తమ యాత్రాక్రమమున చేర్చుకొనని తెలుగువారు అరుదు. హైదరాబాదులో విమానమెక్కి ఒక పూటలో అచట దిగువారిలో క్రొత్తగా పెండ్లియైన జంటలు కలరు. కార్యాలయపు స్నేహితులు పదిమంది కూడి పోవువారు కలరు. పదవీవిరమణ చేసిన తలిదండ్రులకు విదేశపు సముద్రము చూపవలెనని వెంటబెట్టుకొని పోవు కొడుకులును కోడండ్రును కలరు. ఏజెంటు చేతబెట్టిన కాగితములో ఒక దినము ఫీఫీ దీవులకును, ఒక దినము ఏనుగులకును పోగా, మిగిలిన పూటలో బుద్ధుడును, చలోంగ్ దేవాలయమును, జీడిపప్పు దుకాణమును ఒకే పంక్తిలో చేరియుండును. మూడింటికిని కలిపి ఒకటే వ్యాను, ఒకటే బాడుగ.

దీనిని చూచి ముక్కు విరచు పెద్దలు కలరు. విహారమునకు పోయినవాడు దేవుని చూచుట భక్తి కాదనియు, భక్తితో పోయినవాడు విహరించుట తగదనియు వారి మతము. నేనా పక్షమున లేను. తిరుమలకు పోయినవారు పాపనాశనమును, ఆకాశగంగను చూడక దిగిరారు. శ్రీశైలము పోయినవారు పాతాళగంగలో పడవ యెక్కక మానరు. కాశికి పోయి పట్టుచీర కొనక తిరిగివచ్చిన ఇల్లాలిని నేనింతవరకు చూడలేదు. ఆ మాటకు వచ్చిన, బౌద్ధము సముద్రము దాటినది వర్తకుల ఓడలలోనే. ఫుకెట్‌కు ఉత్తరమున తకువాపా అను పాతరేవు కలదు. అచట క్రీస్తుశకము తొమ్మిదవ శతాబ్దమునాటి తమిళ శాసన మొకటి దొరకినది. పల్లవరాజు బిరుదును పేరుగా పెట్టి త్రవ్వించిన ఒక చెరువును మణిగ్రామమను వర్తకసంఘమువారి రక్షణలో ఉంచిన సంగతి అందు చెప్పబడినది. లాభమునకై పరదేశమునకు పోయిన దక్షిణాది బేరగాండ్రు తమ గుర్తుగా అచట విడిచివచ్చినది ఒక చెరువు. పాఠకులీ సంగతిని కొంచెము జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు.

కొండమీదికి మెలికలు తిరుగుచు పోవు దారి ప్రక్కన పండ్లరసముల పాకలును, ఏనుగుల శిబిరములును దాటి పైకి చేరినంతనే, మోకాళ్ళు కానవచ్చు దుస్తులవారికి నడుమునకు చుట్టుకొనుటకు వస్త్రము లిచ్చెదరు. సముద్రస్నానమునుండి నేరుగా వచ్చిన మన యువకులు లుంగీకట్టు మరచిన తరమువారగుటచే ఆ వస్త్రముతో వారు పడు పాట్లు చూడముచ్చటగా నుండును. విగ్రహము ఎత్తు 45 మీటర్లు, అనగా 150 అడుగులకు రవంత తక్కువ. అడుగున వెడల్పు 25 మీటర్లకు మించినది. లోన కాంక్రీటు, పైన బర్మానుండి తెచ్చిన తెల్లని పాలరాతి పలకలు. ప్రొద్దెక్కిన కొలదియు ఆ తెలుపు కన్నులకు సూదులు గ్రుచ్చును. చెంతనే రాణి సిరికిత్ గౌరవార్థము పోతపోసిన 12 మీటర్ల ఇత్తడి బుద్ధుడు కలడు. 22 టన్నుల లోహముతో చేసిన ఆ మూర్తి మరియొకచోట నున్నయెడల అదియే ఒక ఊరికి ప్రసిద్ధి తెచ్చియుండును, ఇచట మాత్రము పెద్దన్న నీడలో నిలచిన చిన్నవానివలె ఎవరి ఫోటోలోను సరిగా పడదు. రావియాకు ఆకారమున కత్తిరించిన ఇత్తడి రేకులపై కోరికలు వ్రాసి వ్రేలాడదీసినవి గాలికి కదలి సన్నగా మ్రోగుచుండును. తూర్పున చలోంగ్ అఖాతములో లంగరు వేసిన పడవలు, పడమట కటా, కరోన్ తీరముల వంపులు, నడుమ అడవి. ఆ దృశ్యము చాలును, అంతదూరము పోయినందుకు.

విగ్రహము భూమిస్పర్శముద్రలో నున్నది. మారుడు సేనతో వచ్చి, ఈ ఆసనముపై కూర్చుండుటకు నీకేమి అర్హత కలదు, నీకు సాక్షి యెవరు అని అడిగినప్పుడు సిద్ధార్థుడు మారుమాట పలుకక కుడిచేతి వ్రేళ్ళతో నేలను తాకెనని కథ. భూమియే సాక్ష్యము పలికెను; మారసేన చెదరిపోయెను. సయాం దేశపు శిల్పులకు ఈ ముద్రపై మిక్కిలి మక్కువ. ఆ దేశమున ఏ విహారమునకు పోయినను ఆ చేయి అట్లే క్రిందికి వ్రాలియుండును.

ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో మొదలైన నిర్మాణము రాజుగారి బొక్కసముతో గాక ప్రజల విరాళములతో, పలకవెంట పలకగా సాగినది. సందర్శకులు కొంత సొమ్ము చెల్లించి పాలరాతి పలకపై తమ పేరును, కోరికను వ్రాయుదురు. ఆ పలకల గుట్టలలో థాయి, చీనా, రష్యా లిపుల నడుమ తెలుగు అక్షరములును నాకు కంటబడినవి. ఎవరో గోత్రముతో సహా కుటుంబసభ్యుల పేర్లన్నియు వరుసగా వ్రాసి, చివర కొడుకునకు అమెరికా వీసా రావలెనని చేర్చియుండిరి. చూచి నవ్వుకొనువారు నవ్వుకొనవచ్చును గాని, ఈ మర్యాద మన కృష్ణాతీరమున ప్రాచీనకాలమునుండి యున్న మర్యాదయే. అమరావతి మహాచైత్యమును కప్పిన సున్నపురాతి పలకలు ఇటువంటి దానములే. విధికుడను చర్మకారుడు తల్లితోను, భార్యతోను, తోబుట్టువులతోను, బిడ్డలతోను కలిసి పూర్ణకుంభము చెక్కిన పలక నొకదానిని సమర్పించినట్లు అచటి శాసనము తెలుపుచున్నది. లోన ఇటుకయు మన్నును, పైన చెక్కడపు పలకలు: కట్టడపు తీరును అదియే. రెండువేల యేండ్ల తరువాత తెలుగువాడు సముద్రము దాటి పోయి మరల ఒక పలకపై పేరు వ్రాసివచ్చెననిన, అందులో అపహాస్యమునకు చోటు లేదు.

నాకు సందేహము కలిగించునది ఎత్తు. అమరావతి తొలినాటి శిల్పులు బుద్ధుని రూపము చెక్కుటకే వెనుదీసి, ఖాళీ సింహాసనమును, పాదముద్రలను, బోధివృక్షమును, ధర్మచక్రమును మాత్రము చూపిరి. రూపము తరువాత వచ్చెను. ఆ మొదటి సంకోచమునకును నేటి పోటీకిని ఎంత దూరము! బర్మాలోని మోన్యువా చెంతనున్న నిలువెత్తు బుద్ధుడు 116 మీటర్లు. చీనాలోని హెనాన్ ప్రాంతపు బుద్ధుడు 128 మీటర్లు. మనమును వెనుకబడలేదు. హుస్సేన్‌సాగరు నడుమ నిలుపవలెనని నందమూరి తారకరామారావుగారు చెక్కించిన ఏకశిలావిగ్రహము 1990 మార్చిలో తెప్పనుండి నీటిలోనికి ఒరిగి, తోడుగానున్న పనివారిలో కొందరి ప్రాణములను తీసికొని, రెండేండ్లకు పైగా చెరువు అడుగున పడియుండి, 1992 డిసెంబరు 1న పీఠమెక్కెను. నేడు సాయంకాలము పడవలో ఆ పీఠమునకు పోవువారిలో ఆ పనివారి సంగతి తెలిసినవారు ఎందరు? పెద్ద విగ్రహము చుట్టును పెద్ద మరపు పెరుగుట సహజము. అది అందరి చూపును పైకి లాగును. క్రింద నేమున్నదో చూడనీయదు.

2024 ఆగస్టు 23 తెల్లవారకముందే ఫుకెట్‌లో కుండపోత వాన కురిసెను. బుద్ధుని కొండకు దిగువనున్న కరోన్ ప్రాంతమున మన్నును, రాళ్ళును, చెట్లును కలిసి ఇండ్లమీదికి దిగెను. పదుమువ్వురు మరణించిరి. వారిలో థాయి దేశస్థులు కలరు, పొట్టకూటికై వచ్చిన మయన్మారు కూలీలు కలరు, విశ్రాంతికై వచ్చిన రష్యా దంపతులు కలరు. విగ్రహము చూపు తూర్పున చలోంగ్ వైపునకు. కరోన్ దాని వీపువైపున నున్నది. పిమ్మట కొండపైకి సందర్శకులను చాలకాలము పోనీయలేదు. అనుమతించిన హద్దు దాటి అడవినేలను వాడుకొనిరా, చదునుచేసిన జాగాలు వాలును కదల్చినవా అని అటవీశాఖ ఆరా తీసెను. ఎంత పాలు నిర్మాణముది, ఎంత పాలు వానది, ఎంత పాలు ఆ వాలున లేచిన ఇతర భవనములది అను లెక్క ఇంజనీర్లు తేల్చవలసినది; పత్రికలో వ్యాసము వ్రాయువాడు తీర్పు చెప్పుట తగదు. కాని నేలను సాక్షిగా పిలిచిన చేయి పైన నుండగా, క్రింద ఆ నేలయే కదలుట చూచి, మనమడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఇంత బరువును, ఇంతమంది జనమును, ఇన్ని వ్యానులను కొండమీదికి ఎక్కించినవారు, కొండమీద పడిన వాన యెట్లు దిగవలెనో ఎవరితోనైన ఆలోచించిరా?

ఈ ప్రశ్న వట్టి వైరాగ్యము కాదు. దానికి శాస్త్రము కలదు. ఫుకెట్ కొండలు గ్రానైటువి. ఆ రాతినుండి కొట్టుకొనివచ్చిన తగరమే, విహారయాత్రికులు రాకముందు ఆ దీవిని పోషించినది. ఉష్ణమండలపు ఎండకును వానకును గ్రానైటు యుగములతరబడి కుళ్ళి, పైపొర మెత్తని మన్నుగా మారును. అడుగున గట్టిరాయి జారుడుబల్లవలె నిలచును. మన్నును పట్టియుంచునవి చెట్లవేళ్ళు. వాలును కోసి దారి వేసి, కొమ్మును చదునుచేసి, బండ్లు నిలుపుటకు సిమెంటు పోసినప్పుడు, ఒకప్పుడు వేయిచోట్ల ఇంకిన వాన ఇప్పుడు ఒకటి రెండు మూలలనుండి ఉరుకును. ఆ మూల క్రిందనున్న మన్ను నాని, బరువెక్కి, పట్టు సడలి ఒక రాత్రి దిగివచ్చును. కొండపైనున్నవానికి ఆ రాత్రి ఏమియు తెలియదు. వానికి తెలియవలసిన అవసరమును ఎవరును కల్పింపలేదు.

పూర్వులకిది తెలిసియుండెనా? తెలిసియుండెననుటకు రాళ్ళే ప్రమాణము. చీనాలోని లెషాన్ బుద్ధుడు 71 మీటర్ల మూర్తి. మూడు నదులు కూడుచోట, పడవలను ముంచు సుడులను శాంతింపజేయ సంకల్పించి హైతోంగ్ అను భిక్షువు 713లో మొదలిడగా 803లో ముగిసినది. తొంబదియేండ్ల పని. ఆ మూర్తి తలమీది ఉంగరముల జుత్తులోను, చెవుల వెనుకను, వస్త్రపు మడతలలోను వాననీరు పోవు కాలువలు దాగియున్నవి. చూచువానికి అవి అలంకారము. నీటికి అవి దారి. పండ్రెండు శతాబ్దముల వానలకు ఆ కొండ నిలచియుండుటకు భక్తియొకటే కారణమని నేననుకొనను.

అంతదూరము పోనక్కరలేదు. విశాఖపట్టణమునుండి భీమునిపట్టణము పోవు సముద్రతీరపు దారిలో తొట్లకొండయు, బావికొండయు కలవు. క్రీస్తుపూర్వమునుండి కొన్ని శతాబ్దములు భిక్షువులు నివసించిన చోట్లవి. తొట్లకొండమీది శిథిలములు నౌకాదళమువారి వైమానిక పరిశీలనలో బయటపడినవి. పిమ్మట 1988 మొదలు త్రవ్వకములు జరిగినవి. చైత్యగృహములు, భిక్షువుల గదులు, భోజనశాల అన్నియు వరుసగా నున్నను, అచటికి పోయినవాడు ఎక్కువసేపు నిలచి చూచునది గట్టిరాతిలో తొలిచిన నీటితొట్లను. కొండపై పడిన వానను కొండపైననే పట్టి, వడపోసుకొని, త్రాగి, మిగిలినదానిని మెల్లగా దింపిన మనుష్యులు వారు. సముద్రము ఎదురుగానున్నను త్రాగుటకు చుక్క లేని చోట విహారము కట్టదలచినవారికి మొదటి ప్రశ్న నీరే కావలెను గదా. పైన నివసించువాడే క్రింది నీటికిని జవాబుదారి యగుట అందువలన సిద్ధించినది. మనకాలపు కొండమీది నిర్మాతకు ఆ బంధము తెగినది. అతనికి నీరు పైపులో పైకి వచ్చును, లేదా ట్యాంకరులో వచ్చును. వాన అతనికి కావలసినది కాదు, వదిలించుకొనవలసినది. 2019 అక్టోబరు వానలకు, మన కాలమున పునరుద్ధరించిన తొట్లకొండ మహాస్తూపము ముందుభాగము కూలినది. తొలినాటివారు రాతిలో తొలిచిన తొట్లు మాత్రము ఎప్పటివలెనే యున్నవి. దీనికి వ్యాఖ్యానము వ్రాయ నాకు మనసొప్పదు.

ఫుకెట్ కొండ దిగిన దినమునకు సరిగా ఎనిమిది దినములకు, ఆగస్టు 31న, విజయవాడ మొగల్రాజపురమున కొండచరియ విరిగి ఇండ్లమీద పడి పలువురిని చంపినది. ఆ ప్రాంతపు కొండలయందే ప్రాచీన గుహాలయములు కలవు. ఇంద్రకీలాద్రిపైన 2020 దసరాలలో, మూలానక్షత్రము నాడు, రాళ్ళు దొర్లిపడినవి. తిరుమల ఘాట్ రోడ్డుపై 2021 డిసెంబరు 1న బండలు పడి దారి తెగినది. సింహాచలమున 2025 ఏప్రిల్ 30న, చందనోత్సవపు వేకువన, వానకు నానిన క్రొత్తగోడ కూలి వరుసలో నిలచిన ఏడుగురు భక్తులు మరణించిరి. తూర్పుకనుమల కొండలు చాలవరకు ఖొండలైటు రాతివి. అదియు ఎండకు, వానకు చీకి ఎఱ్ఱమన్నగునదే. ఉత్తరాంధ్ర పల్లెవాసులు ఏ కొండనుండి ఏ గెడ్డ, అనగా కొండవాగు, పుట్టుచున్నదో, ఏ వానకు ఏ గెడ్డ పొంగునో పిల్లవానిని నిద్రలేపి అడిగినను చెప్పుదురు. పట్టణము వచ్చి, గెడ్డను పూడ్చి, దానిపై వీధి వేసి, వీధికి ఒక పేరు పెట్టిన పిదప ఆ జ్ఞానము ఎవరికిని అక్కరకు రాలేదు. కొండవాలు ఇండ్లలో నుండువారిని ఆక్రమణదారులనుట సులభము. వారికి చదునునేల కొను స్తోమత నిచ్చినవారెవరు? పైన ఘాట్ రోడ్డు వేసి, క్యూ కాంప్లెక్సు కట్టి, బండ్లు నిలుపుటకు మరి రెండెకరములు చదునుచేసిన సంస్థను ఆక్రమణదారనుటకు మాత్రము మనకు నోరాడదు, ఏలననగా అది దేవుని పేర జరిగిన పని.

మన రెండు రాష్ట్రములలోను ప్రతి పట్టణమును తన కొండపై ఒక మహావిగ్రహమును కోరుకొను కాలమిది. హనుమంతుడో, శివుడో, బుద్ధుడో, నాయకుడో. ఎత్తు ముందు ప్రకటింపబడును, కొండ తరువాత వెదకబడును. వలదని నేననను. ఆకాశమునకెదురుగా కూర్చున్న ప్రశాంతమూర్తి మనుష్యుని మనసుపై చేయు పని చిన్నది కాదు. ఫుకెట్‌లో, ఆ తెల్లని ముఖముక్రింద, సెల్‌ఫోను జేబులో పెట్టి ఊరకుండిన యువకులను నేను చూచితిని, వారిని ఇంటిలో అట్లు చూచుట తలిదండ్రులకు దుర్లభము. నా విన్నపమెల్ల విరాళపు పుస్తకమును గూర్చియే. విగ్రహపు పలకకు పేరు వ్రాయించుకొను పద్ధతి యున్నప్పుడు, వాననీటి కాలువలోని రాతికి పేరు వ్రాయించుకొను పద్ధతి ఏల యుండరాదు? తకువాపాలోని వర్తకులు చెరువునకు రక్షకులై శాసనమున పేరుకెక్కిరి. వారి పేరు పదునొకండు శతాబ్దములు నిలచినది. మన దాతకు ధ్వజస్తంభమునకును, మెట్లకును, ఫ్యానుకును పేరు వ్రాయించుట తెలియును. మెట్ల ప్రక్కనున్న కాలువకు తన తండ్రి పేరు పెట్టుమని అడిగినవాడు ఇంతవరకు కానరాడు. అడుగుమని చెప్పిన కార్యనిర్వహణాధికారియు కానరాడు.

దానములకొఱకు వేచియుండనక్కరలేని పనులును కొన్ని కలవు. కొండపై ఏ నిర్మాణము తలపెట్టినను, వాలుయొక్క పరీక్ష, నీరుపోవు దారుల పటము, నరకదలచిన చెట్ల లెక్క ఇవి రాజధానిలోని బీరువాలో గాక, దిగువ వీధులవారి ముందు, వారి భాషలో ఉంచబడవలెను. అభ్యంతరము చెప్పు హక్కు భక్తునికంటె ముందు వారికి కలదు, ఏలననగా భక్తుడు సాయంకాలమునకు దిగిపోవును, వారచటనే నిద్రింతురు. ఇప్పటికే కట్టియున్న కొండలమాట వేరు: అచట ప్రతియేటను మృగశిర కార్తెకు ముందు దేవస్థానపు ఇంజనీరును, మునిసిపాలిటీవాడును, కొండవాలు వీధులనుండి ఇద్దరు పెద్దలును కలిసి కాలినడకన కొండ చుట్టిరావలెను. పూడిన కాలువ ఏది, ఉబ్బిన గోడ ఏది, క్రొత్తగా బీటలువారిన నేల ఏది అని వారు వ్రాసిన కాగితమును, ఏ తేదీలోపున ఏది బాగుచేయబడునో దానితో కూడ, ప్రత్యేక దర్శనపు టిక్కెట్టు ధర వ్రాసిన బోర్డు ప్రక్కననే, అంతే పెద్ద అక్షరములతో అంటింపవలెను.